మా బావ బిగించిన పచ్చ వైరు

మా అక్కని చేసుకున్న కొత్తలో మా బావ మా ఇంటికి భోజనానికొచ్చాడు. చేతులు కడుక్కొస్తానని లోపలికెళ్ళినవాడు ఎంతకీ రాలేదు. వెళ్ళి చూస్తే కొత్త అల్లుడుగారు వంటింట్లో స్టూలెక్కి, స్విచ్‌బోర్డు మూత ఊడదీసి, మెడ వంచి లోపలికి తొంగిచూస్తున్నాడు. "ఒరేయ్ బామ్మర్దీ, ఈ ఇంట్లో ఎర్తు లేదు, తెలుసా నీకు?" అన్నాడు. నాకు తెలీదు. మా నాన్నకీ తెలీదు. అన్నం చల్లారిపోతోందని మాత్రం తనకి తెలుసని మా అమ్మ అంది.

అదీ మా బావ. అద్దె ఇళ్ళలో కరెంటు తనిఖీ చెయ్యడం ఆయన ఉద్యోగం. ఇల్లు అద్దెకిచ్చే ప్రతివాడూ కొన్నేళ్ళకోసారి ఆ తనిఖీ చేయించుకుని సర్టిఫికెట్టు తెచ్చుకోవాలి, అది లేకుండా అద్దెకివ్వకూడదు. ఇంటాయన తనిఖీ కంపెనీకి కబురు పెడతాడు, మా బావ మీటర్ల సంచీ భుజాన వేసుకుని వెళ్తాడు. మెయిను ఆపుతాడు, ప్లగ్గులు విప్పుతాడు, వైర్లు ఎంత ముసలివయ్యాయో మీటరు పెట్టి చూస్తాడు. అంతా బాగుంటే తెల్ల కాగితం ఇస్తాడు. ప్రమాదం ఉంటే ఎర్ర కాగితం. ఎర్ర కాగితం అందుకున్న ఇంటాయన నెల తిరిగేలోగా బాగుచేయించుకోవాలి. బాగుచేసే పనిలో మాత్రం మా బావ వేలు పెట్టకూడదు. తప్పులు వెతికేవాడే రిపేర్లు కూడా చేస్తే లేని తప్పులు పుట్టిస్తాడని కంపెనీ రూలు పెట్టింది.

నాకు వీధి మలుపులో సెలూను ఉంది. మా బావ సాయంత్రం పని అయ్యాక తిన్నగా నా కొట్టుకొచ్చి, ఖాళీగా ఉన్న కుర్చీలో కూలబడి, ఆ రోజు చూసిన ఇళ్ళ గురించి చెప్పేవాడు. నా దగ్గరికొచ్చేవాళ్ళు ఆయనకి 'ఎర్ర కాగితం' అని పేరు పెట్టారు. "మీ ఎర్ర కాగితం ఇంకా రాలేదేం?" అని అడిగేవారు. మా బావ నవ్వి ఊరుకునేవాడు. ఆయన కోపగించుకోవడం నేను చూడలేదు. ఆ వాటా కూడా కలిపి దేవుడు నాకే ఇచ్చినట్టున్నాడు.

ఆయన చెప్పిన కబుర్లలో నాకు వింతగా తోచినది ఒకటుంది. ఇంట్లో ఉన్న తప్పుల్ని ఇంటాయన దాస్తాడంటే అర్థముంది. దాచేది అద్దెకున్నవాళ్ళట! మాడిపోయిన ప్లగ్గుకి అడ్డంగా బీరువా జరుపుతారు, ఊడిపోయిన బోర్డు మీద కాలెండరు తగిలిస్తారు. "కాలెండరన్నాక కంటికెదురుగా ఉండాలి కదరా. మోకాళ్ళ దగ్గర కాలెండరు వేలాడుతుంటే ఏమనుకోవాలి?" అని నవ్వేవాడు. మెల్లగా ఆ కాలెండరు ఎత్తి చూస్తే వెనక బొగ్గయిన వైర్లుండేవి. అద్దెకున్నావిడ మొహం మాడిపోయేది.

వాళ్ళెందుకు దాస్తారో నాకు తెలుసు. ఎర్ర కాగితం వస్తే ఇంటాయన మొదట చేసేది రిపేరు కాదు, ఖాళీ చేయించడం. మా బావకి ఆ సంగతి చెప్తే నమ్మేవాడు కాదు. "రిపేరు చేయించమనేగా కాగితం ఇచ్చేది, ఖాళీ చేయించమని కాదుగా" అనేవాడు. అంత చదువుకున్నవాడికి ఇంత చిన్న విషయం బుర్రకెక్కదేమిటా అని నేను తల పట్టుకునేవాణ్ణి.

ఒకరోజు బావ కొట్టుకొచ్చి తిన్నగా అద్దం ముందు కూర్చున్నాడు. గెడ్డం గీయించుకుంటావా అంటే తలూపాడు. సబ్బు నురగ పూశాక, అద్దంలోంచి నాకేసి చూస్తూ చెప్పడం మొదలుపెట్టాడు.

ఆ రోజు చూసింది ఒక మేడ మీద రెండు గదుల వాటా. బట్టలు కుట్టే ఒకావిడా, ఆవిడ మామగారూ ఉంటారు. ఆయన కొడుకు ఎప్పుడో పోయాడు. కొడుకు పోయాక మామ కోడల్ని పొమ్మనలేదు, కోడలు మామని వదిలి పోలేదు. ఆవిడ మిషను తొక్కుతుంటే ఆయన పక్కన కూర్చుని గుండీలు కుడతాడు. మా అక్క బట్టలు కుట్టేది కూడా ఆవిడే. చూపు సరిగ్గా ఆనకపోయినా పెద్దాయన గుండీ కుడితే ఊడదని మా అక్క చెప్పేది.

స్నానాల గది గుమ్మం దగ్గర ఒక జత రబ్బరు చెప్పులు విడిగా పెట్టి ఉన్నాయట. కుళాయి పిడికి పొడిగుడ్డ చుట్టి ఉందట. ఇదేమిటని అడిగితే పెద్దాయన, "ఆ కుళాయికి కాస్త కోపం ఎక్కువ బాబూ. చెప్పులేసుకుని మర్యాదగా తిప్పితే ఏమీ అనదు" అన్నాడు. మా బావ మీటరు పెట్టి చూశాడు. నీళ్ళు కాచే గీజరు లోపల పాడైపోయి కరెంటు గొట్టాల్లోకి దిగుతోంది. అలా దిగిన కరెంటుని భూమిలోకి పంపే ఎర్తు ఇంటి మొత్తానికి లేదు. వాళ్ళిద్దరూ ఎనిమిదేళ్ళుగా ఆ కుళాయితో కాపరం చేస్తున్నారు.

"పెద్దాయనా, ఇది కోపం కాదు. తడిచేత్తో పట్టుకుంటే ప్రాణం పోతుంది" అన్నాడు మా బావ.

కుట్టే ఆవిడ మిషను మీంచి లేచి వచ్చింది. "అన్నయ్యగారూ, ఆ గీజరు ఇప్పుడే పీకేస్తాం. వేడినీళ్ళు మాకెందుకు, మానేస్తాం. కాగితం మాత్రం ఇవ్వకండి. ఎప్పుడు పంపేద్దామా అని ఇంటాయన కాచుక్కూర్చున్నాడు" అంది.

"అలా ఎలా పంపుతాడమ్మా? ఇది మీ మంచికే. నాలుగు రోజుల పని, మీరు ఇంట్లో ఉండగానే చేసేయొచ్చు" అన్నాడు. ఎర్ర కాగితం రాసి ఇచ్చాడు.

"తప్పా?" అని అడిగాడు నన్ను, సగం గెడ్డంతో.

తప్పు కాదు బావా అన్నాను. నిజంగానే కాదు. ఇప్పటికీ నా మాట అదే. ఆ స్థానంలో ఎవరున్నా, మనిషన్నవాడైతే, ఎర్ర కాగితమే రాస్తాడు.

వారం తిరక్కుండా ఆ ఇంటాయన నా కొట్టుకొచ్చాడు. నేను 'ఎర్ర కాగితం' బామ్మర్దినని ఆయనకి తెలీదు. తల వెనక్కి వాల్చి, గొంతు నాకప్పగించి, తీరిగ్గా చెప్పాడు. ఎప్పటి అద్దెకో అతుక్కుపోయి కదలని జనం ఉన్నారట. తనిఖీవాడు ప్రమాదమని రాసిచ్చాడట. ఇక వాళ్ళని బయటికి పంపి, గోడలకి రంగులు కొట్టించి, కొత్తవాళ్ళని పెడతాడట. "ఆ తనిఖీ చేసినాయన నా పాలిట దేవుడనుకో" అన్నాడు. నా చేతిలో కత్తి ఉంది. ఒళ్ళు మండిపోయింది. గెడ్డం శుభ్రంగా గీసి పంపించాను, ఇంకేం చేస్తాను?

మా బావతో చెప్తే ఆయన అప్పటికప్పుడు లేచి ఆ ఇంటాయన దగ్గరికి పరుగెత్తాడు. నేనూ వెంట వెళ్ళాను. "ఖాళీ చేయించక్కర్లేదండీ. వాళ్ళుండగానే వైరింగు మార్చొచ్చు. నేను మనిషిని కూడా చూపిస్తాను" అని బతిమాలాడు. ఇంటాయన అంతా ఓపిగ్గా విన్నాడు. ఎర్ర కాగితం తెచ్చి ముందు పెట్టాడు.

"ఇది నీ సంతకమేనా?"

"నాదేనండీ."

"ప్రమాదం అని రాసింది నువ్వేనా?"

"నేనేనండీ."

"మరి ప్రమాదం ఉన్న ఇంట్లో మనుషుల్ని ఉంచమంటావేం? రేపేదైనా అయితే నువ్వొచ్చి సమాధానం చెప్తావా?"

మా బావ ఆ కాగితం తిరిగి ఇచ్చేసి బయటికొచ్చాడు. మర్నాడు కంపెనీ మేనేజరు దగ్గరికి వెళ్తే ఆయన ఫైళ్ళలోంచి తలెత్తకుండా, "మన పని ఇంటిని చూడటం. ఇంట్లోవాళ్ళని చూడటం కాదు" అని చేతులు దులుపుకున్నాడు. బయటికొచ్చాక మా బావ ఆ మెట్ల మీదే కూర్చున్నాడు. ఆయన్ని అలా చూడటం నాకదే మొదటిసారి. రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు చూస్తున్నారు, లే బావా, అని రెక్క పట్టుకుని లేపాను.

కుట్టే ఆవిడ ఇల్లు వెతుక్కుంటూ కాళ్ళరిగేలా తిరిగింది. మొగుడు లేని మనిషని కొందరు, మిషను చప్పుడని కొందరు, ముసలాయన మంచాన పడితే ఎవరు చూస్తారని కొందరు, తలుపు సగం తీసి మళ్ళీ మూసేశారు. చివరికి ఒక పిండిమిల్లు వెనక రేకుల షెడ్డు దొరికింది. నాలుగు వైపులా రేకులు, పైన రేకులు, తలుపు కూడా ఇనప చట్రానికి బిగించిన రేకే. లెక్కల్లో అది గోదాము. గోదాముకి తనిఖీ ఉండదు, సర్టిఫికెట్టు అక్కర్లేదు. అద్దె ఇంటికి రక్షణగా పెట్టిన రూలు అద్దె ఇంట్లోంచి వాళ్ళని వెళ్ళగొట్టి, ఏ రూలూ లేని చోటికి తోసింది. దీన్ని ఎవరికి చెప్పుకోవాలో నాకిప్పటికీ తెలీదు.

ఈ సంగతి మా అక్క చెప్పింది. కుట్టించిన బట్టలు తెచ్చుకోవడానికెళ్ళి చూసొచ్చి, "రేకుల మీద చెయ్యి పెడితే కాలిపోతోందండీ. పెద్దాయన తడిగుడ్డ నెత్తిన వేసుకుని కూర్చున్నాడు" అంది బావతో. ఆయన అన్నం ముద్ద కంచంలో వదిలేసి లేచిపోయాడు.

సెలవు రోజు చూసి ఇద్దరం వెళ్ళాం. మిల్లులో పెద్ద మోటారు తిరుగుతుంటే నేల అదురుతోంది. గోడలూ కిటికీలూ సాలెగూళ్ళూ అన్నీ పిండితో తెల్లబడి ఉన్నాయి. వెనక్కి సందులోంచి వెళ్తే షెడ్డు. మిల్లు నుంచి ఒక వైరు లాగి లోపల ఒక బల్బూ, ఒక ఫ్యానూ, కుట్టుమిషను మోటారూ తగిలించారు. ఆ వైరు రేకు అంచు మీదుగా ఒరుసుకుంటూ లోపలికి వస్తోంది. పైతొడుగు ఒక చోట అప్పుడే గీరుకుపోయి ఉంది. అది ఇంకాస్త అరిగి లోపలి రాగి తీగ రేకుకి తగిలిందంటే షెడ్డు షెడ్డంతా కరెంటే.

"ఏం బాబూ, ఇక్కడ కూడా ఎర్ర కాగితం ఇస్తావా?" అన్నాడు పెద్దాయన. ఎగతాళికే అన్నాడు, మనసులో ఏం పెట్టుకుని కాదు. మా బావ మొహం మాత్రం పాలిపోయింది.

ఆవిడ కుర్చీ తెచ్చి వేసి, దాని మీది పిండి కొంగుతో తుడిచి, "కూర్చోండి అన్నయ్యగారూ" అంది. తిట్టినా బాగుండేది.

మా బావ వైరు మార్చాడు. అది ఒరుసుకునే చోట గొట్టం తొడిగాడు. రిపేరు చెయ్యకూడదన్న రూలు ఆ రోజు ఆయన పక్కన పెట్టేశాడు. ఇక ఎర్తు మిగిలింది. షెడ్డుకి విడిగా భూమిలో గొయ్యి తీసి, కడ్డీ పాతి, రేకుల్ని దానికి కలపాలి. అయితే ఆ వెనక జాగా అంతా మందంగా సిమెంటు. "నా సిమెంటు పగలగొడితే ఊరుకోను. గోదాములో ఉండనిచ్చిందే గొప్ప" అన్నాడు మిల్లు యజమాని. బావ ఎంత చెప్పినా వినలేదు.

మా బావ మిల్లు లోపలికెళ్ళి మోటారు చూశాడు. దానికి చక్కటి ఎర్తు ఉంది. మోటారు ఒంటి నుంచి రాగి పట్టీ ఒకటి గోడ వెంట ముందువైపుకి వెళ్ళి, వీధి గుమ్మం దగ్గర గోతిలోకి దిగింది. మీటరు పెట్టి చూసి, "చాలా బాగుందిరా" అన్నాడు. కాసేపు తల గోక్కుంటూ నిలబడ్డాడు. తర్వాత సంచీలోంచి పచ్చ వైరు తీశాడు. ఒక కొస మోటారు దగ్గర ఆ పట్టీకి బిగించాడు, రెండో కొస సందులోంచి లాక్కెళ్ళి షెడ్డు ఇనప చట్రానికి బిగించాడు. ఇప్పుడు షెడ్డులో ఎక్కడ కరెంటు దిగినా ఆ వైరు పట్టుకుని మోటారు దగ్గరికీ, అక్కణ్ణుంచి వీధి గుమ్మం దగ్గర భూమిలోకీ పోతుంది. మనుషుల జోలికి రాదు.

మళ్ళీ మీటరు పెట్టి చూసుకున్నాడు. ఆయన మొహంలో వెలుగొచ్చింది. ఎర్ర కాగితం రాసిన రోజు నుంచి మా బావ అంత హాయిగా నవ్వడం నేను చూడలేదు.

"అయితే ఇక్కడ చెప్పుల్లేకుండా తిరగొచ్చంటావా బాబూ?" అని అడిగాడు పెద్దాయన.

"హాయిగా తిరగండి పెద్దాయనా. నాది భరోసా" అన్నాడు మా బావ.

పెద్దాయన అక్కడికక్కడే చెప్పులు విడిచేసి, రేకు గోడ మీద అరచేత్తో టపటపా కొట్టి, "చూశావా అమ్మాయ్, ఇది మనల్ని ఏమీ అనదట" అని కోడలితో అన్నాడు. ఆవిడ కూడా నవ్వింది. దారి పొడుగునా మా బావ ఈలవేస్తూ వచ్చాడు, అదీ రాగం తెలీని ఈల.

అలాంటి రేకుల షెడ్డుకి వేరే చోటి ఎర్తు అరువు తేకూడదని వాళ్ళ చదువులో మొట్టమొదటే చెప్తారట. అది నాకు తర్వాత తెలిసింది. ఆయనకి ఆ రోజే తెలుసు. తెలిసీ, మీటరు బాగుందన్నది కదా అని బిగించాడు. పని తెలీనివాడు ఎర్తు గురించి ఆలోచించడు, షెడ్డుని దాని మానాన వదిలేస్తాడు. ఇలాంటి తప్పు చెయ్యాలంటే పని బాగా వచ్చినవాడై ఉండాలి, పైగా జాలి ఉండాలి.

వానాకాలానికి ముందు మిల్లు యజమాని వీధి వైపు గుమ్మం బాగుచేయించాడు. పాత గచ్చు పగలగొట్టారు, తవ్వారు, కొత్త సిమెంటు పోశారు. తవ్వినవాళ్ళకి రాగి పట్టీ అడ్డొస్తే తెంపి అవతల పారేశారు. ఎర్తు తెగినా మిల్లు ఆగదు, మోటారు ఎప్పటిలాగే తిరుగుతుంది. ఎవరికీ చీమ కుట్టినట్టయినా లేదు. తర్వాత వానలు పడ్డాయి. ఏళ్ళ తరబడి పిండీ తేమా తిన్న మోటారు లోపల ఎక్కడో చెడి, దాని ఒంట్లోకి కరెంటు దిగింది. భూమిలోకి పోదామంటే దారి లేదు. ఉన్న దారల్లా మా బావ బిగించిన పచ్చ వైరే. మోటారు దగ్గర పనిచేసేవాడు చెక్కపలక మీద, మందం చెప్పులతో నిలబడతాడు కాబట్టి వాడికేమీ తెలీలేదు.

ఆ పొద్దున వాన వెలిసింది. మిల్లు మోటారు వేశారు. పెద్దాయన మొహం కడుక్కుని, తడి నేల మీద వట్టి కాళ్ళతో నిలబడి, లోపలికి వెళ్దామని రేకు తలుపు పట్టుకున్నాడు.

మిల్లు యజమాని ఫోను నుంచి మా అక్కకి కబురొచ్చింది. కుట్టే ఆవిడ, "ఎవర్నీ ముట్టుకోనివ్వను, తనిఖీ అన్నయ్యగారు వచ్చి చూడాలి" అందట. ఊళ్ళో ఆవిడ నమ్మిన మనిషి ఆయనొక్కడే. నేను బండి మీద ఎక్కించుకుని తీసుకెళ్ళాను. దారి పొడుగునా ఆయన నా భుజం గట్టిగా పట్టుకున్నాడు.

మేం వెళ్ళేసరికి మిల్లు ఆపేశారు. పెద్దాయన్ని సందులో చాప మీద పడుకోబెట్టి, దుప్పటి కప్పారు. పాదాలు బయటికి కనిపిస్తున్నాయి. మా బావ వాటికేసి చూడలేక గోడ వైపు తిరిగాడు. తర్వాత మోటారు మూత తీశాడు, గోడ వెంట వెళ్ళి వీధి గుమ్మం దగ్గర తెగిన పట్టీ చూశాడు, వెనక్కి వచ్చి పచ్చ వైరు దగ్గర ఆగాడు. అక్కణ్ణుంచి షెడ్డు చట్రం దాకా ఆ వైరు వెంటే నడిచి, మళ్ళీ అదే దారిన వెనక్కి నడిచాడు. నాకు వైర్ల సంగతి తెలీదు. ఏం జరిగిందో మాత్రం ఆ నడక చూస్తే అర్థమైపోయింది.

మిల్లు యజమాని దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "కరెంటు ఆఫీసువాళ్ళు ఇంకా రాలేదు. ఆ వైరు పీకి పారేస్తే నీకూ గొడవ లేదు, నాకూ గొడవ లేదు. వానకి జారిపడ్డాడనుకుంటారు." దాపరికమెందుకు, నేనైతే పీకేసేవాణ్ణే. అక్క మొహం గుర్తొచ్చి, పీకితే బాగుండునని లోపల్లోపల దణ్ణం పెట్టుకున్నాను కూడా.

మా బావ వైరు ముట్టుకోలేదు. నేల మీద చతికిలబడి ఉన్న ఆవిడ దగ్గరికెళ్ళి, ఎదురుగా కూర్చున్నాడు.

"చెల్లెమ్మా, నేను బిగించిన వైరులోంచే వచ్చింది" అన్నాడు.

ఆవిడకి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాడు. మోటారు చెడిందనీ, ముందు పట్టీ తెంపేశారనీ, తను ఆ వైరు బిగించకుండా ఉంటే మిల్లులోని కరెంటు షెడ్డుకి వచ్చేదే కాదనీ చెప్పాడు. "అలా బిగించకూడదని నాకు తెలుసమ్మా. చెప్పులు విప్పమన్నదీ నేనే" అన్నాడు. ఏడవలేదు. స్విచ్చు ఎక్కడుందో చెప్పినంత మామూలుగా చెప్పాడు. ఆ గొంతు విని నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ఆయన్నీ, దుప్పటినీ మార్చి మార్చి చూసి తల వంచుకుంది.

ఆఫీసువాళ్ళొచ్చినప్పుడూ అదే చెప్పాడు. చెయ్యకూడని రిపేరు చేశాడని లైసెన్సు తీసేశారు. కంపెనీ ఆ రోజే వెళ్ళిపొమ్మంది. పట్టీ తెంపించిన మిల్లు యజమాని, కూలివాళ్ళు చేసిందానికి నన్నేం చేస్తారని తప్పుకున్నాడు. మేడ ఇంటాయనకి ఇందులో ఏ సంబంధమూ లేదు. ఆయన కాగితం మీద తప్పు చెయ్యలేదు. ప్రమాదం ఉన్న ఇంట్లోంచి మనుషుల్ని బయటికి పంపాడు, అంతే.

మా బావ ఇంట్లో ఓ మూల కుర్చీలో కూర్చుండిపోయాడు. మా అక్క పెడితే తింటాడు, లేకపోతే అడగడు. నేను వెళ్ళి నోటికొచ్చిన జోకులన్నీ వేసేవాణ్ణి. మర్యాదకి పెదవులు కదిపేవాడు. ఎప్పుడైనా ఆయనంతట ఆయన మాట్లాడితే ఒకటే మాట. "తెల్ల కాగితం ఇచ్చుంటే అక్కడే పోయేవాడేమోరా. ఏమో, ఇంకో పదేళ్ళు బతికేవాడేమో." నేను ఇంకో జోకు వెతుక్కునేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం నేనక్కడ ఉండగానే కుట్టే ఆవిడ వచ్చింది. మా అక్క గబగబా లోపలికి రమ్మని, కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చింది. మా బావ లేచి నిలబడ్డాడు. తిట్టడానికే వచ్చిందనుకున్నాను. తిట్టనీ, ఆయనకి కాస్త బరువు దిగుతుందనుకున్నాను.

ఆవిడ నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టింది. "షెడ్డు ఖాళీ చెయ్యమన్నారు అన్నయ్యగారూ. మనిషి పోయిన చోటని కాదు. గొడవల్లో ఇరుక్కున్న మనిషిని పెట్టుకోం అన్నారు. ఈ వారంలో వెళ్ళిపోవాలి" అంది.

మా బావ ఏదో అనబోయాడు. ఆవిడ ఆగమన్నట్టు చెయ్యి ఎత్తింది.

"నేను మిమ్మల్ని ఏమీ అనడానికి రాలేదు. అన్నా మావయ్య తిరిగి రాడు. ఒక్కటి అడిగి పోదామని వచ్చాను. మీరు ఇన్నేళ్ళుగా ఊళ్ళో ఇళ్ళన్నీ చూశారు. గోడల్లోపల ఏముందో కూడా మీకు తెలుసు. నేను ఎంత అద్దె ఇచ్చుకోగలనో మీకు తెలుసు. ఆ అద్దెకి దొరికే ఇళ్ళలో, భయం లేకుండా ఉండగలిగిన ఇల్లు ఒక్కటి చెప్పండి. ఎంత దూరమైనా ఫర్వాలేదు. నేనే వెళ్ళి బతిమాలుకుంటాను."

ఎత్తిపొడుపు కాదు. నిజంగా అడ్రసు కోసమే వచ్చింది. రాసుకోవడానికి చేతిలో పెన్సిలు ముక్క కూడా ఉంది, బట్టల మీద గీతలు గీసే పెన్సిలు.

మా బావ కూర్చున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. ఆయన ఆలోచిస్తున్నాడని, నిజంగానే వెతుకుతున్నాడని నాకు తెలుస్తోంది. కనురెప్పల కింద కళ్ళు అటూ ఇటూ కదులుతున్నాయి. ఒక్కో వీధీ, ఒక్కో మేడా, ఒక్కో వాటా తలుపు తీసి చూసి మళ్ళీ మూస్తున్నాడు. మా అక్క గుమ్మం పట్టుకుని నిలబడింది. నేను లోపల్లోపల, ఒక్కటి, ఒక్కటంటే ఒక్క ఇల్లు గుర్తురావాలని బతిమాలుకుంటున్నాను. ఒక్క ఇల్లు దొరికితే ఆవిడా బతుకుతుంది, మా బావా బతుకుతాడు.

ఆవిడ తొందరపెట్టలేదు. పెన్సిలు పట్టుకుని అలాగే కూర్చుంది.

చాలాసేపటికి మా బావ కళ్ళు తెరిచాడు.

"లేదమ్మా" అన్నాడు.